కోర్నారో కాదు, వెండ్రామిన్: టిషియన్ కుటుంబ చిత్రంలో ఎవరు ఎవరు?

లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న, 16వ శతాబ్దపు వెనిస్ చిత్రకారుడు టిషియన్ వేసిన కుటుంబ చిత్రం గురించి మీరు అడిగినదాంట్లో నాలుగు సందేహాలున్నాయి. పాత అచ్చుప్రతుల కింద "కోర్నారో కుటుంబం" అని ఉండగా ఇప్పుడు అందరూ "వెండ్రామిన్ కుటుంబం" అని ఎందుకు అంటున్నారు, అందులోని తొమ్మిది మందికి పేర్లు ఏ ఆధారంతో పెట్టారు, మరో వెనిస్ చిత్రకారుడు జోర్జోనే వేసిన 'తుఫాను' చిత్రానికి యజమాని అయిన గాబ్రియేలే వెండ్రామిన్ ఈ తొమ్మిది మందిలో ఎవరు, ముఖాల పోలికను కంప్యూటర్‌తో సరిచూస్తే విషయం తేలిపోదా అన్నవి ఆ నాలుగు. మొదటిదానికి సందేహం లేని జవాబు ఉంది. రెండవదానికి చాలావరకు ఉంది. మూడవదానికి మాత్రం "ఈ ఇద్దరిలో ఒకరు" అని చెప్పి ఆగడమే న్యాయం. ఒకే చిత్రంలో ఒక పేరు గట్టిగా నిలబడి పక్కనే ఉన్న మరో పేరు ఎందుకు నిలబడదో అర్థమైతే, ఆ కాలపు కుటుంబ చిత్రాలన్నిటినీ చూసే పద్ధతి మీకు పట్టుబడుతుంది కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు చిత్రంలో కనిపిస్తున్నది ఏమిటో చూద్దాం. ఇది రెండు మీటర్లకు పైగా ఎత్తు, దాదాపు మూడు మీటర్ల వెడల్పు ఉన్న కాన్వాసు. కుడివైపు మెట్ల మీద, ఆరుబయట ఆకాశం కింద, ఒక బలిపీఠం. దాని మీద శిలువ ఆకారంలో ఉన్న అవశేష పేటిక (భక్తులు పవిత్రంగా భావించే అవశేషాన్ని భద్రపరిచే పెట్టె), వెలుగుతున్న కొవ్వొత్తులు. బలిపీఠానికి దగ్గరగా వయసు మళ్ళిన పురుషులు ఇద్దరు, వారికి ఎడమ పక్కన నల్లని గడ్డంతో ఒక యువకుడు. మిగిలిన ఆరుగురూ గడ్డాలు రాని పిల్లలు: ముగ్గురు ఎడమ అంచున ఒకరినొకరు ఒరుసుకుంటూ, ముగ్గురు కుడివైపు మెట్ల మీద. ఈ కుడివైపు పిల్లల్లో ఒకడు చిన్న కుక్కపిల్లను పట్టుకుని కూర్చున్నాడు. వాడి కాళ్ళకు ఎర్రని మేజోళ్ళు. పెద్దలు భక్తిలో ఉన్నారు, పిల్లవాడి ధ్యాసంతా కుక్కపిల్ల మీదే ఉంది. ఈ కుక్కపిల్ల సంగతి గుర్తుపెట్టుకోండి, వయసుల లెక్క దగ్గర పనికివస్తుంది.

ఇప్పుడు పేరు మారిన కథ. ఈ చిత్రం వెనిస్ నుంచి ఇంగ్లండు చేరి, 17వ శతాబ్దంలో చిత్రకారుడు వాన్ డైక్ దగ్గర ఉంది. టిషియన్ అంటే ఆయనకు ఎంత ఆరాధనో ఆయన బొమ్మలే చెబుతాయి. వాన్ డైక్ 1641లో చనిపోయిన తరువాత దీన్ని నార్తంబర్లండ్ ఎర్ల్ కొన్నాడు. అప్పటి నుంచి 1929లో నేషనల్ గ్యాలరీ కొనేదాకా ఆ వంశం చేతిలోనే ఉంది. ఇలా దేశం మారి, చేతులు మారి వచ్చిన చిత్రంతో పాటు దానిలోని మనుషుల పేర్లు రాలేదు. వెనిస్ ప్రభువుల చిత్రం అన్నంతవరకే అక్కడివారికి తెలుసు. కాలక్రమంలో, బయటి దేశాల్లో అందరికీ తెలిసిన ఒక గొప్ప వెనిస్ వంశం పేరు దీనికి అంటుకుంది. సైప్రస్ రాణి కతెరీనా కోర్నారో పుట్టిన వంశం కనుక కోర్నారో అన్న పేరు యూరప్ అంతటా వినిపించేది. 1732లో బెర్నార్డ్ బారన్ చెక్కిన ముద్రణ ప్రతి కూడా ఆ పేరుతోనే వెలువడింది. ఇలాంటి ముద్రణ ప్రతులు వందల ఇళ్ళకు చేరతాయి, అసలు చిత్రం ఒక్క ఇంట్లోనే ఉంటుంది. అందువల్ల ముద్రణ ప్రతి కింద అచ్చయిన పేరే రెండు వందల ఏళ్ళ పాటు ప్రమాణమైంది. మీరు చూసిన పాత ప్రతులు ఈ కోవకు చెందినవే.

దీన్ని తిరగరాసినది ఒక ఆస్తి జాబితా. గాబ్రియేలే వెండ్రామిన్ 1552లో చనిపోయాడు. వెనిస్‌లో సాంతా ఫోస్కా దగ్గర ఉన్న ఆయన ఇంట్లో చిత్రాలు, పాలరాతి శిల్పాలు, నాణేలు, పురాతన వస్తువులు ఎన్నో ఉండేవి. తన సేకరణ చెదిరిపోకుండా చూడమని అన్న కొడుకులను వీలునామాలో కోరాడు. ఆ తరువాతి కాలంలో ఆ సేకరణకు జాబితాలు తయారయ్యాయి. 1569 నాటి జాబితాలో ఒక పెద్ద చిత్రం నమోదై ఉంది: అద్భుతాలు చేసే శిలువ, ఏడుగురు కొడుకులతో ఆండ్రియా వెండ్రామిన్, గాబ్రియేలే వెండ్రామిన్, బంగారు చట్రం, టిషియన్ చేతిపని. టిషియన్ 1576 దాకా బతికే ఉన్నాడు, అంటే ఈ నమోదు చిత్రకారుడి జీవితకాలంలోనే, ఆ కుటుంబం ఇంట్లోనే జరిగింది. ఈ జాబితా 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అచ్చయ్యాక, ఇంగ్లండులోని "కోర్నారో కుటుంబం"తో దాన్ని పోల్చి చూడడం 1920లలో జరిగింది. శిలువ ఉంది, ఇద్దరు పెద్దలున్నారు, ఏడుగురు చిన్నవాళ్ళున్నారు, టిషియన్ చేతిపని అన్నది ముందే ఒప్పుకున్న విషయం. ఇన్ని వివరాలు కాకతాళీయంగా మరొక కుటుంబానికి సరిపోవడం జరగదు.

జాబితాతో పాటు చిత్రంలోనే మరొక సాక్ష్యం ఉంది. అది బలిపీఠం మీది పేటిక. క్రీస్తును శిలువ వేసిన కర్ర తాలూకు ముక్కగా భక్తులు నమ్మే అవశేషాన్ని సైప్రస్ రాజ్యపు చాన్సలర్ ఫిలిప్ ద మెజియేర్ 1369లో వెనిస్‌లోని శాన్ జొవాన్నీ ఎవాంజెలిస్తా భక్తసంఘానికి ఇచ్చాడు. దాన్ని అందుకున్న సంఘ పెద్ద పేరు ఆండ్రియా వెండ్రామిన్, అంటే మన చిత్రంలోని అన్నదమ్ములకు పూర్వీకుడు, వారిలో పెద్దవాడికి పేరు ఇచ్చినవాడు. ఒక ఊరేగింపులో ఆ అవశేషం శాన్ లొరెంజో వంతెన దగ్గర కాలువలో పడిందనీ, మునగకుండా నీటిపై తేలుతూ నిలిచిందనీ, పట్టుకోబోయిన ఎవరికీ చిక్కక ఆండ్రియా దూకితేనే ఆయన చేతికి అందిందనీ ఆ సంఘం నమ్మిక. జెంటీలే బెల్లీనీ ఈ ఘట్టాన్ని 1500లో చిత్రించాడు, ఆ చిత్రం ఇప్పుడు వెనిస్‌లోని అకాడెమియా గ్యాలరీలో ఉంది. ఆ పేటిక ఇప్పటికీ ఆ సంఘం దగ్గరే ఉంది, టిషియన్ చిత్రంలోని పేటిక రూపం దానితో సరిపోతుంది. కోర్నారోలకు ఈ శిలువను ఇంటి గౌరవంగా చూపుకోవలసిన పని లేదు. వెండ్రామిన్లకు ఇంతకు మించిన గౌరవం లేదు. 1369లో వారు ప్రభువంశం కూడా కారు, జెనోవాతో వెనిస్ చేసిన చోజియా యుద్ధం తరువాత 1381లో ప్రభువుల్లో చేర్చబడ్డారు. కనుక ఆ శిలువ వారికి భక్తి మాత్రమే కాదు, వంశ ప్రతిష్ఠకు మొదటి మెట్టు కూడా. చిత్రంలో ఒక వస్తువు ఎవరిదో తెలిస్తే మనుషులు ఎవరో తెలుస్తుందనడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

రెండవ సందేహం, తొమ్మిది మంది పేర్లు. ఇక్కడ చేయవలసిన మొదటి పని లెక్క. కుటుంబ వృత్తాంతం ప్రకారం ఆండ్రియా 1481లో, గాబ్రియేలే 1484లో పుట్టారు. గాబ్రియేలే పెళ్ళి చేసుకోలేదు. అన్నదమ్ములు ఆస్తిని పంచుకోకుండా ఉమ్మడిగా అనుభవించే ఆచారం వెనిస్ ప్రభువుల్లో బలంగా ఉండేది కనుక, పెళ్ళికాని పినతండ్రి అన్న కొడుకుల మధ్య నిలబడడంలో వింతేమీ లేదు. ఆండ్రియా కొడుకులు ఏడుగురు: లియొనార్డో, బార్తొలొమెయో, ఫ్రాంచెస్కో, లూకా, జొవాన్నీ, ఫిలిప్పో, ఫెదెరీగో. వీరిలో పెద్దవాడైన లియొనార్డో 1523లో పుట్టి 1547లో, తండ్రి చనిపోయిన ఏడాదే, చనిపోయాడు. చిత్రంలో నల్లని గడ్డం ఉన్న యువకుడు ఒక్కడే. ఏడుగురిలో గడ్డం వచ్చే వయసు ముందుగా ఎవరికి వస్తుందో చెప్పనక్కరలేదు. కనుక అతను లియొనార్డో అన్నదాన్ని ఎవరూ కాదనలేదు, కాదనడానికి కారణమూ లేదు.

ఈ లెక్క చిత్రం తేదీని కూడా పట్టిస్తుంది. లియొనార్డోకు ఇంతటి గడ్డం ఉందంటే చిత్రం 1540కి ముందుది కావడం కష్టం. తండ్రీ కొడుకూ ఇద్దరూ బతికి ఉండగానే ప్రారంభమైనదని అనుకుంటే 1547 దాటదు. ఇక కుక్కపిల్ల పిల్లవాడు ఎంత లేదన్నా ఇంకా బాల్యంలోనే ఉన్నాడు. పెద్దవాడి గడ్డం తేదీని ముందుకు నెడుతుంది, చిన్నవాడి పసితనం వెనక్కి లాగుతుంది. ఈ రెండింటి మధ్య మిగిలేది 1540ల తొలి సగం. శైలిని బట్టి నిపుణులు చెప్పిన కాలమూ దానికి దగ్గరగానే ఉంది.

మిగిలిన ఆరుగురికి ఒక్కొక్క పేరు అతికించడం మాత్రం సబబు కాదు. వారి వయసుల్లో తేడాలు చిన్నవి. పైగా ఎడమ అంచున ఉన్న ముగ్గురు పిల్లలు బాగా ఇరుకుగా, మిగతా భాగంతో పోలిస్తే పేలవంగా ఉన్నారని, అందులో శిష్యుల చెయ్యి ఉండవచ్చని చాలామంది నిపుణులు అభిప్రాయపడ్డారు. ఎదురుగా కూర్చోబెట్టి గీసిన ముఖానికీ, చోటు నింపడానికి గీసిన ముఖానికీ సాక్ష్యంగా ఒకే విలువ ఉండదు. "కుక్కపిల్లతో ఉన్నవాడు చిన్నవాళ్ళలో ఒకడు" అన్నంతవరకు నమ్మకంగా చెప్పవచ్చు. "ఎడమ నుంచి రెండవవాడు లూకా" అని రాసిన వ్యాసం మీకు ఎక్కడైనా కనిపిస్తే, రచయితకు ఆ పేరు ఎక్కడ దొరికిందో అడగండి.

మూడవ సందేహానికి వద్దాం. ఆ ఇద్దరు పెద్దల్లో ఆండ్రియా ఎవరు, గాబ్రియేలే ఎవరు? జాబితా ఇద్దరూ ఉన్నారని చెప్పింది, ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పలేదు. పండితులు రెండు వైపులా వాదించారు. ఎక్కువ వయసుగా కనిపించేవాడే అన్న అని కొందరన్నారు. అయితే వీరి మధ్య తేడా మూడేళ్ళే. అరవై ఏళ్ళ మనిషికీ యాభై ఏడేళ్ళ మనిషికీ మధ్య తేడాను గడ్డం నెరుపుతో కొలవలేం. తమ్ముడికి ముందుగా తల నెరవడం ఏ ఇంట్లోనైనా చూస్తాం. ప్రధాన స్థానంలో ఉన్నవాడు కుటుంబ పెద్ద కావాలని, అంటే కొడుకుల తండ్రి కావాలని ఒక వాదం. చిత్రాన్ని కోరి వేయించినవాడికే ప్రధాన స్థానం దక్కుతుందని, వేయించగలిగిన అభిరుచి గాబ్రియేలేకే ఉందని ఎదురువాదం. ముదురు ఎరుపు మఖమలు, బొచ్చు అంచు ఉన్న అంగీని పట్టుకుని పదవిని ఊహించే ప్రయత్నాలూ జరిగాయి. వెనిస్‌లో ప్రభువుల రోజువారీ ఉడుపు నల్లనిదనీ, ఎరుపు పదవికీ పండుగకూ సంబంధించినదనీ నిజమే. అంత మాత్రాన ఎర్రని అంగీ ఒక మనిషి పేరు చెప్పదు.

నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతున్నాను. తండ్రి స్థానం కొడుకులకు దగ్గరగా ఉండాలి, లియొనార్డో పక్కన ఉన్నవాడే ఆండ్రియా కావాలి అన్న వాదం నాకు కొంత బలంగా అనిపిస్తుంది. కానీ పిల్లలు రెండు వైపులా ఉన్నారు కనుక ఆ వాదంతో నేను పందెం కట్టను, కాటలాగులో రాయను. 'తుఫాను' యజమాని ముఖం చూడాలన్న మీ కోరిక నాకు బాగా అర్థమవుతుంది. 1530లో, వెనిస్ ఇళ్ళలోని కళాసేకరణలను చూసి నమోదు చేసిన మార్కాంటోనియో మికియెల్ ఆయన ఇంట్లో ఆ చిత్రాన్ని చూసి రాసుకున్న నాలుగు మాటలు చదివిన ఎవరికైనా ఆ మనిషిని చూడాలనిపిస్తుంది. ఆయన ఈ కాన్వాసు మీదే ఉన్నాడు, బలిపీఠం దగ్గర నిలిచిన ఇద్దరిలో ఒకడు. అంతవరకు కాగితం భరోసా ఇస్తోంది.

లేనివారిని కూడా లెక్కించాలి. ఆండ్రియాకు ఆరుగురు కూతుళ్ళు ఉండేవారు. ఒక్కరూ చిత్రంలో లేరు, వారి తల్లీ లేదు. ఇది పొరపాటున జరిగినది కాదు. ఈ చిత్రం కుటుంబాన్నంతటినీ చూపాలని వేయించినది కాదు, అవశేషం మీది గౌరవం మగ సంతానం ద్వారా కొనసాగుతుందని చూపడానికి వేయించినది. "కుటుంబ చిత్రం" అన్న మాటను నమ్మి పదమూడు మంది పిల్లల కోసం వెతికేవారికి లెక్క ఎప్పటికీ కుదరదు. ఆ ఆరుగురు అమ్మాయిల ముఖాలు మనకు ఈ చిత్రం ఇవ్వకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

పోలిక కోసం, పేర్లు ముందే రాసి ఉన్న చిత్రం ఎలా ఉంటుందో చెబుతాను. ఇంగ్లండు రాజనీతిజ్ఞుడు థామస్ మోర్ కుటుంబాన్ని జర్మన్ చిత్రకారుడు హాల్బైన్ 1527 ప్రాంతంలో చిత్రించాడు. పెద్ద చిత్రం 1752లో అగ్నిప్రమాదంలో నాశనమైంది. కానీ దాని కోసం వేసిన రేఖాచిత్రం స్విట్జర్లండులోని బాసెల్ మ్యూజియంలో ఉంది. దాని మీద ప్రతి మనిషి పేరూ వయసూ లాటిన్‌లో రాసి ఉన్నాయి; రాసినవాడు ఆ ఇంటికి స్నేహితుడైన నికొలాస్ క్రాట్జర్. అది మోర్ మిత్రుడైన పండితుడు ఎరాస్మస్‌కు చేరింది. దూరాన ఉన్న స్నేహితుడు ఎవరు ఎవరో పోల్చుకోవాలన్న ఆదరంతో రాసిన ఆ పేర్ల వల్లే ఈ రోజు మనకు పేచీ లేదు. అదే చిత్రానికి రోలండ్ లాకీ 1593లో చేసిన మరో రూపం లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. అందులో 1527 నాటి పెద్దల పక్కనే దశాబ్దాల తరువాతి వారసులు కూర్చుని ఉన్నారు. ఒకే గదిలో ఎన్నడూ కలవని తరాలు కలిసి కనిపిస్తున్నాయి. చిత్రంలోని వారంతా ఒకే నాటికి బతికి ఉండాలన్న నియమం ఆ కాలపు కుటుంబ చిత్రాలకు లేదు. వెండ్రామిన్ చిత్రానికి నేను చెప్పిన తేదీ లెక్కకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

కాగితం లేకుండా ముఖంతో మొదలుపెడితే ఏమవుతుందో చూపడానికి ఫ్లోరెన్స్ చిత్రకారుడు పొంటోర్మో చిత్రం ఒకటి ఉంది. అమెరికాలోని బాల్టిమోర్‌లో, వాల్టర్స్ మ్యూజియంలో, నల్లని విధవ దుస్తుల్లో ఉన్న ఒక స్త్రీ చిత్తరువు అది. చాలాకాలం అందులో ఆమె ఒక్కతే కనిపించేది. 1937లో శుభ్రపరిచినప్పుడు, తరువాతి కాలంలో పూసిన రంగు కింది నుంచి ఆమె చెయ్యి పట్టుకుని నిలబడిన బిడ్డ బయటపడింది. స్త్రీ మరియా సాల్వియాతి అని తేల్చారు. ఆమెకు ఒక్కడే కొడుకు కనుక ఆ బిడ్డ కొసిమో దె మెదిచీ అయి ఉండాలని 1940లో రాశారు. చూడడానికి తర్కం బాగానే ఉంది. కానీ కొసిమో పుట్టింది 1519లో. మరియా విధవ అయింది 1526లో. చిత్రం శైలి 1530ల చివరిది. అప్పటికి కొసిమో ఫ్లోరెన్స్‌ను ఏలుతున్న యువకుడు. 1537లో హత్యకు గురైన అలెస్సాంద్రో దె మెదిచీ కూతురు జూలియా అదే కాలంలో మరియా సంరక్షణలో పెరుగుతున్న చిన్నపిల్ల. ఈ బిడ్డ జూలియాయే అని 1990లలో వాదన వచ్చింది, ఇప్పుడు మ్యూజియం కూడా ఆ పేరే చెబుతోంది. అలెస్సాంద్రో తల్లి ఆఫ్రికా సంతతికి చెందిన స్త్రీ అని చెబుతారు కనుక, ఆ పాప పేరు తిరిగి దొరకడం ఎంతోమందికి విలువైన విషయమైంది. తల్లి పక్కన ఉన్నది సొంత బిడ్డే అయి ఉండాలన్న ఒక్క ఊహే ఆమెను యాభై ఏళ్ళ పాటు అబ్బాయిని చేసింది.

దుస్తుల సంగతి ఒక్క మాటలో. ఫ్లోరెన్స్‌లో చిత్రకారుడు బ్రొంజీనో వేసిన, కొసిమో భార్య ఎలెయొనోరా, ఆమె కొడుకు ఉన్న చిత్రంలోని గౌనుతోనే ఆమెను పాతిపెట్టారన్న కథ 1857లో సమాధి తెరిచినప్పటి నుంచి ప్రచారంలో ఉంది. ఆ వస్త్రాన్ని నిపుణులు బాగుచేసి పరిశీలించాక రెండూ వేర్వేరని తేలింది. ఆ పిల్లవాడు 1543లో పుట్టిన జొవాన్నీ అన్నది మాత్రం గౌనుతో కాదు, 1545లో ఆ చిత్రం కోసం నీలిరంగు కావాలని బ్రొంజీనో రాసిన ఉత్తరంతోనూ పిల్లవాడి వయసుతోనూ నిలబడింది.

చివరిగా కంప్యూటర్ పోలిక. ఒకే మనిషివని ముందే తేలిన రెండు మంచి చిత్తరువులు ఉన్నప్పుడు ముఖాల కొలతలు కొంత సహాయం చేయవచ్చు. కానీ కుటుంబ చిత్రంలో ఉన్న ఇబ్బందే వేరు. అక్కడ ఉన్నవారంతా రక్తసంబంధీకులు, ఒకరి ముక్కు మరొకరికి వస్తుంది, గీసిన చెయ్యి కూడా ఒక్కటే. ఆ పోలిక మీకు "వీరంతా ఒక ఇంటివారు" అని చెబుతుంది. అది మనకు 1569 జాబితా ముందే చెప్పింది. అన్నదమ్ములిద్దరిలో పెద్ద ఎవరన్నది ఆ పద్ధతితో తేలదు.

మీ వ్యాసంలో చిత్రం కింద పెట్టదగిన వివరణ ఇలా ఉండాలని నా సూచన: "టిషియన్, వెండ్రామిన్ కుటుంబం, 1540లు, నేషనల్ గ్యాలరీ, లండన్. బలిపీఠం దగ్గర వయసు మళ్ళిన ఇద్దరు: ఆండ్రియా, గాబ్రియేలే వెండ్రామిన్ (ఎవరు ఎవరన్నది చర్చలో ఉంది). గడ్డం ఉన్న యువకుడు: లియొనార్డో, ఆండ్రియా పెద్ద కొడుకు. మిగిలినవారు: ఆండ్రియా తక్కిన ఆరుగురు కొడుకులు." పాత ముద్రను కూడా వాడుకుంటున్నట్లయితే, దాని కింద "కోర్నారో కుటుంబం అన్న పాత పేరుతో" అని చేర్చండి, పాత కాటలాగుల్లో వెతికేవారికి ఆ పేరు అవసరం.